ఓడిపో పెద్దమ్మా

చావింటి ముందు నవ్వకూడదని నాకెవరూ నేర్పనక్కర్లేదు. డెబ్బై దాటినదాన్ని, ఎన్నో చావులకు పోయి వచ్చాను, ఎక్కడా పళ్ళు కనిపించనీయలేదు. అట్లాంటిది, పోయిన నెలలో ఆ మనిషి పోయాడని తెలిసి వాళ్ళింటికి పోతే, అరుగు మీద ముగ్గురు మగవాళ్ళు వరసగా కూర్చుని, ఎర్రబడ్డ కళ్ళతో ముక్కులు తుడుచుకుంటూ కనిపించారు. అంతే, నాకు నవ్వొచ్చింది. కొంగు నోట్లో కుక్కుకున్నా ఆగలేదు. భుజాలు ఊగుతుంటే వెనకనున్న ఆవిడ నేను ఏడుస్తున్నాననుకుని వీపు నిమిరింది. నన్ను చూసి ఆ ముగ్గురిలో ఒకడైన హమాలీ కొమురయ్యకు కూడా నవ్వు తన్నుకొచ్చి, లేచి గోడ చాటుకు పోయాడు.

ఎందుకు నవ్వామో మాకు తెలుసు. పడుకున్న మనిషికి చెప్పి ఉంటే ఆయనా నవ్వేవాడు. మిగతావాళ్ళు మాత్రం ముసలిదానికి మతి పోయిందని అనుకుని ఉంటారు. అందుకే ఇది రాస్తున్నాను.

కాశిబుగ్గలో మా ఇంటికి ముందర, రోడ్డు వైపు, షటరు ఉన్న గది ఒకటుంది. మేం మడిగె అంటాం. ఆ పోయిన మనిషి పదేళ్ళ కింద దాన్ని కిరాయికి అడగడానికి వచ్చాడు. పాలకుర్తి దిక్కు ఊరు. నలభైకి దగ్గర పడ్డ మనిషి, మీసంలో అప్పటికే రెండు మూడు తెల్ల వెంట్రుకలు. అయినా నేను ఆఖరి దాకా పిలగా అనే పిలిచాను.

"ఏం దుకాణం పెడ్తవ్ పిలగా?"

"గేములు ఆడిపిస్త పెద్దమ్మా."

"పత్తలాటనా, పేకలా?"

"కాదు. టీవీల బొమ్మలు కొట్లాడుకుంటయి. మనం మీటలు నొక్కుడే."

"వాటికేం పంచాయితి?"

ఆయన గడ్డం గోక్కుంటూ నిజంగానే ఆలోచించాడు. "ఏం లేదు పెద్దమ్మా. ఊకెనే కొట్లాడుకుంటయి."

ఇంకొకడైతే ఏదో కథ చెప్పేవాడు. అబద్ధం ఆడలేదు గనక మడిగె ఇచ్చాను. షరతులు మాత్రం మూడు పెట్టాను. పొద్దుగూకితే షటరు దించాలి. వెనక సగం నాది, అక్కడ నా మిరపకాయల బస్తా ఉంటుంది, ముట్టుకోకూడదు. బూతు మాట వినబడిందా, ఖాళీ చేయాలి.

మూడో షరతు దగ్గర ఆయన నన్ను గెలిచాడు. ఆటలో ఓడినవాడి నోరు కట్టేయడం దేవుడి వల్ల కూడా కాదని ఆయనకు తెలుసు. అందుకని బూతు అన్నవాడు అప్పటికప్పుడు బయటికొచ్చి నా వాకిలి ఊడవాలని రూలు పెట్టాడు. పాంట్లు మడిచి, తలలు వంచి మగవాళ్ళు ఊడుస్తుంటే రోడ్డున పోయేవాళ్ళు ఆగి చూసేవాళ్ళు. కొన్ని దినాలు నా వాకిలి ఎనిమిదిసార్లు కూడా ఊడవబడింది. చీపుర్లు తొందరగా అరిగిపోయేవి, అంతకు మించి నాకు నష్టం కనిపించలేదు. ఖాళీ చేయమనే మాట మళ్ళీ ఎత్తలేదు.

ఆయన గేముల దుకాణం పెట్టాడు గానీ తాను మాత్రం ఎన్నడూ ఆడలేదు. టీవీకి వీపు పెట్టి, కుర్చీ తిప్పుకుని, ఆడేవాళ్ళ ముఖాల్లోకి చూస్తూ కూర్చునేవాడు. వెనక ఎవడు ఎవడిని తన్నుతున్నాడో ముఖాలు చూసి చెప్పేవాడు.

"ఆట అటు నడుస్తుంటే ఇటు జూస్తవేందిరా?" అని నేను అడిగితే, "టీవీల ఉన్నయి బొమ్మలే గదా పెద్దమ్మా. కొట్లాట ఇటు దిక్కున్నది," అన్నాడు.

ఒళ్ళో కాగితం పొట్లంలో మరమరాలు ఉండేవి. ఒక్కొక్కటే తీసి నోట్లో వేసుకునేవాడు. గుప్పెడు బుక్కితే కరకర చప్పుడుకు ఆడేవాళ్ళ ధ్యానం చెడుతుందట. అర్ధపావు మరమరాలు పొద్దంతా వచ్చేవి. ఆ ఒక్క గుణానికి ఆయన మీద నాకు గౌరవం.

వాళ్ళ నాయన బర్రెలు కాచినవాడు. ఈయన గేము డబ్బాల గురించి మాట్లాడినా బర్రెల గురించి మాట్లాడినట్టే ఉండేది. డబ్బా ఆగిపోతే పాడైందని అనేవాడు కాదు, అలిగిందనేవాడు. వేడెక్కితే ఆయాసపడుతోందనేవాడు. ఎండకాలంలో దాని కింద తడి గోనె పరిచి, వెనక బల్ల ఫ్యాను పెట్టి, మూత మీద అరచేయి ఆనించి చూసేవాడు.

"జర మొండిది పెద్దమ్మా. గని మనిషిని గుర్తుపడ్తది."

ఆ దుకాణానికి ముగ్గురు పెద్ద ఆటగాళ్ళు ఉండేవాళ్ళు. ఎనుమాముల మార్కెట్లో బస్తాలు మోసే కొమురయ్య, దర్జీ ఖాదర్, బస్సు కండక్టర్ రవీందర్. పిల్లల తండ్రులు. మధ్యాహ్నం పనుల మధ్య వచ్చి, పదేళ్ళుగా ఒకే కొట్లాట ఆట ఆడారు. డబ్బాలో ఉన్న బొమ్మలన్నిటిలో ఎవరి బొమ్మ వాళ్ళకుండేది. క్వింటాలు బస్తా ఒక్కడే లేపే కొమురయ్యది జడ వేసుకున్న సన్నటి పిల్ల. ఆ పిల్లకు దెబ్బ తగిలితే ఆయన అబ్బా అనేవాడు. రవీందర్‌ది దున్నపోతు లాంటి మనిషి, నొక్కే ముందు టికెట్ చింపేటప్పటి అలవాటుకొద్దీ బొటనవేలు నాలుకకు అద్దుకునేవాడు. ఖాదర్‌ది కోటు వేసుకున్నవాడు.

"కోటు కుట్టినోనికి పని రాదు," అనేవాడు ఖాదర్, ఎనిమిదేళ్ళూ అదే మాట. "భుజం కాడ జోల్ వచ్చింది, బట్ట ముడత వడ్డది జూడు. చెయ్యి లేపితే దెబ్బ ఎట్ల తగుల్తది?"

"ఓడినప్పుడే నీకు జోల్ కనవడ్తది," అనేవాడు రవీందర్.

ఈ ముగ్గురు కూర్చుంటే చుట్టూ పదిమంది చేరేవాళ్ళు. కాలేజీ పిలగాళ్ళు వీళ్ళ ఆట చూసి నేర్చుకోవడానికి వచ్చి, ఆ తర్వాత తాము ఆడేవాళ్ళు. ముగ్గురు రాని దినం మడిగె బోసిగా ఉండేది.

రెండేళ్ళ కింద ఆ డబ్బా మరీ ముసలిదైపోయింది. ఆటకు నాలుగుసార్లు అలగడం మొదలుపెట్టింది. ఒకరోజు ఆయన ఆటోలోంచి దిగాడు, ఒళ్ళో పసిబిడ్డను పట్టుకున్నట్టు కొత్త డబ్బా పెట్టుకుని. తెల్లగా, నునుపుగా ఉంది. నా చేత ముట్టించాడు.

"ఇదేం పని చేస్తదిరా?"

"అదే పని పెద్దమ్మా. జర మంచిగ చేస్తది."

"అదే పని చేసేటిది ఇంట్ల ఉండంగ ఇంకోటి తెస్తరా ఎవలన్న?"

"అది పోతాంది పెద్దమ్మా. దాని పార్టులు హైదరాబాద్ల గూడ దొరుకుత లేవు."

"పోయినంక తేవాలె."

ఆయన మరమరం ఒకటి నోట్లో వేసుకున్నాడు. నమిలి మింగాక చెప్పాడు. "పాతది పోకముందే ఆ ముగ్గురు దీనికి అలవాటు గావాలె. వాళ్ళు కూసుంటే దుకాణం ఉంటది. లేకుంటే షటర్ దించుకొని పోవుడే."

ఆ ముగ్గురూ దానికి దణ్ణం పెట్టి, పోయి పాతదాని ముందు కూర్చున్నారు. బతిమాలి ఒక్క ఆట ఆడించాడు. ఆడి ఒక్కొక్కరు ఒక్కో వంక చెప్పారు.

కొమురయ్య చేతిలో రిమోటును తూకం వేసినట్టు ఎగరేశాడు. "గింత అల్కగ ఉన్నదేందే అన్నా. చేతుల ఏదో ఉన్నట్టే లేదు. మరమరాల పొట్లం లెక్క ఉన్నది." పాత రిమోటుకు ఆయన సుతిలి తాడు చుట్టుకుని గట్టి పట్టు చేసుకున్నాడు.

ఖాదర్‌కు బొమ్మలు మరీ స్పష్టంగా కనిపించాయి. "చెమట సుక్కలు గూడ కనవడ్తాన్నయి. కొట్లాడాల్నా, తువ్వాలుతోని తుడవాల్నా?"

రవీందర్‌కు అసలు ఆటే మొదలు కాలేదు. డబ్బా ముందుగా ఏదో అప్‌డేట్ కావాలని అరగంట కూర్చోబెట్టింది. "టికెట్లు గొట్టి, రైట్ రైట్ అన్నంక, బండి మల్ల డిపోకు తీస్కపోయి కడిగిపియ్యుమన్నట్టున్నది గిది," అని లేచాడు.

నిజం చెప్పాలంటే నేను ఆ ముగ్గురి వైపే. నడుస్తున్నదాన్ని వదిలి మెరుస్తున్నదాని వెంట పడేవాళ్ళను నేను ఇంటికి రానివ్వను. ఆయన ముందరే వాళ్ళను మెచ్చుకున్నాను కూడా.

అప్పుడు ఆయన ఇంకో ఎత్తు వేశాడు. రోజూ షటరు తీసే ముందు పాత డబ్బాను, దాని టీవీని జానెడు దూరం వెనక్కు జరిపేవాడు. కొత్తదాన్ని జానెడు ముందుకు. వెలుతురు, గాలి కొత్తదాని దగ్గర ఉంటాయి, చీకట్లోకి పోతున్నకొద్దీ వాళ్ళకే విసుగొస్తుందని ఆయన లెక్క. ముగ్గురూ రోజూ వచ్చి, తమ కుర్చీలను కూడా జానెడు వెనక్కు లాక్కుని కూర్చున్నారు. ముఖాలు చూసి అన్నీ చెప్పే మనిషికి కుర్చీలు జరగడం మాత్రం అర్థం కాలేదు. పది పన్నెండు రోజులకు వాళ్ళు మడిగె వెనక సగంలోకి, అంటే నా సగంలోకి, వచ్చేశారు. పాత డబ్బా, దాని వెనక బల్ల ఫ్యాను, ఫ్యాను వెనక నా మిరపకాయల బస్తా.

బస్తా మూతి విప్పి ఉంది. నేను పొద్దున పూట కాసేపు కూర్చుని తొడిమెలు తీస్తున్నాను అప్పుడు. "బస్తా జర లోపటికి వెట్టుకో పెద్దమ్మా," అని ఆయన అంతకు ముందు రోజే అడిగాడు. లోపల చెమ్మకు కాయ మెత్తబడుతుందని నేను ఒప్పుకోలేదు. సగం నాది అని గుర్తు చేశాను. ఆ తప్పు నాదే, ఎవరి మీదికీ నెట్టను.

ఆ మధ్యాహ్నం డబ్బా బాగా ఆయాసపడిందట. ఆయన ఫ్యాను మూడో నంబరుకు తిప్పాడు. ఫ్యాను వెనకనుంచి గాలి గుంజుకుంటుంది గదా. బస్తాలో పొడి, పొట్టు, గింజ అంతా గుంజి ముగ్గురి ముఖాల మీద కొట్టింది.

నేను లోపలి గదిలో నడుం వాల్చి ఉన్నాను. బయట జరిగినవి తర్వాత తెలిశాయి. ముగ్గురు పెద్ద మగవాళ్ళు మా షటరు కిందనుంచి రోడ్డు మీదికి వచ్చి, కళ్ళ నీళ్ళు ధారగా కారుతుండగా, ఒకరి భుజం మీద ఒకరు పడి, గుండెలు పట్టుకుని కూలబడ్డారు. వెనకాలే ఆయన, తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకుని. ఎదురింటి లలిత పరుగెత్తుకొచ్చి ఏమైందని అడిగింది. దగ్గుతో ఎవరికీ మాట పెగల్లేదు. కొమురయ్య మా ఇంటి లోపలికి చేయి చూపి తల అడ్డంగా ఊపాడు. ఇంట్లో ఆ వేళ ఉండేది నేనొక్కదాన్నే.

నాకు మెలకువ వచ్చేసరికి గడప దగ్గర లలిత శోకం పెడుతోంది.

"ఓ అక్కా... పొద్దుగాల మంచిగ మాట్లాడితివి గదనే అక్కా... ఒక్క బొట్టు నూనె ఎవ్వలకు బదులియ్యకపోతివి అక్కా... కూడవెట్టినయి కూడవెట్టినట్టె ఇడిసి పోతివానే అక్కా..."

నా గురించి ఇంకేమంటుందో విందామని కాసేపు కదలకుండా పడుకున్నాను. పాత పేపర్లు దాచుకున్న సంగతి వచ్చింది. పోయిన బతుకమ్మకు తన తంగేడు పూలు నేను తీసుకున్న సంగతి వచ్చింది. మంచి మాట ఒకటైనా రాకపోతుందా అని చూశాను. ఇంకెవరో "నోరు కఠినం గని మనిషి మంచిదే" అన్నారు. అది చాలనుకుని లేచి గడప దగ్గరికి పోయాను.

"ఏడ్సింది సాలు, లే."

లలిత నన్ను చూసి శోకం ఆపలేదు. రాగం మాత్రం మారింది. అప్పటికే వాకిట్లో పాతిక మంది ఉన్నారు. చావింట్లో పొయ్యి వెలిగించకూడదు గదా, మా దగ్గర పక్క ఇళ్ళవాళ్ళే చాయ్, టిఫిన్ తెచ్చి పెడతారు. ఒకావిడ ఫ్లాస్కు నిండా చాయ్ తెచ్చింది. ఇంకొకావిడ గిన్నెడు ఉప్మా. నేను బతికే ఉన్నానని తెలిశాక ఆ గిన్నె కొంగు కింద దాచుకుని వెనక్కు తిరిగింది.

"తెచ్చినయి వాపస్ తీస్కపోవద్దు. అండ్ల పెట్టు," అన్నాను. అందరికీ తలా ఇంత పెట్టాను. ఉప్మాలో ఉప్పు తక్కువైంది. ఆవిడ కంగారులో చేసింది గనక ఏమీ అనలేదు.

ఆ ముగ్గురు ముఖాలు కడుక్కుని వచ్చి చాయ్ తాగారు. తాగి మళ్ళీ మడిగె లోపలికి నడిచారు.

"ఏడికిరా?"

"ఆట సగంల ఉన్నది పెద్దమ్మా," అన్నాడు రవీందర్, ముక్కు చీదుతూ. "పాజ్ వెట్టి వచ్చినం."

తడి తువ్వాళ్ళు ముక్కులకు చుట్టుకుని దొంగల్లాగా కూర్చున్నారు. కానీ డబ్బా కూడా ఆ మిరప పొడి కడుపు నిండా మింగింది. కాసేపటికి కమురు వాసన వచ్చింది. కొమురయ్య సన్నపిల్ల ఒక కాలు గాలిలోకి లేపి అట్లాగే ఆగిపోయింది. దుకాణం ఆయన డబ్బా విప్పి చూశాడు, ఊదాడు, మూత మీద చేయి పెట్టాడు.

"పోయింది," అన్నాడు.

ముగ్గురూ లేచారు. ఒక్కడు కూడా కొత్తదాని వైపు చూడలేదు. సుతిలి చుట్టిన రిమోటును కొమురయ్య ఇంటికి తీసుకుపోయాడు. మర్నాడు ఎవరూ రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. వాళ్ళు లేరని కాలేజీ పిలగాళ్ళు కూడా షటరు దాకా వచ్చి తొంగిచూసి పోయారు.

వారం గడిచింది. ఆయన ఖాళీ కుర్చీల వైపు ముఖం పెట్టి, మరమరాలు ఒక్కొక్కటే తింటూ కూర్చునేవాడు. చూడ్డానికి ముఖాలు లేవు. ఒకరోజు నా గడప దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"నెల పడంగనే ఖాళీ చేస్త పెద్దమ్మా."

"ఇంకో కాడ వెట్టుకుంటవా?"

"పెట్టొచ్చు. గని ఇసొంటి మొకాలు ఇంకో కాడ దొరుకయి గదా."

ఫోను కవర్లు అమ్మేవాడు ఒకడు ఆ మడిగె కోసం అప్పటికే రెండుసార్లు వచ్చి అడిగిపోయాడు. మంచి గిరాకీ. అయినా ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు. బస్తా లోపల పెట్టమంటే పెట్టనిది నేను. పాతదే మంచిదని వాళ్ళను ఎగదోసింది నేను.

తెల్లవారి పోయి మడిగెలో నిలబడ్డాను. "కొత్త రోలు తెస్తే మొదాలు ఏం నూర్తరు పిలగా?"

"తవుడు నూర్తరు. మా అమ్మ అదే నూరేది. రాతి పొడి పోవాలె గదా."

"మరి నువ్వు ఒకటే సారి పచ్చడి ఎట్ల నూరినవ్? ముందుగాలనే ఉస్తాదులను కూసోబెడ్తివి. పంటికింద రాళ్ళు తగిలినయి, లేచి పోయిన్రు."

"ఇది రాయి గాదు పెద్దమ్మా."

"కొత్తదా, కాదా?"

"కొత్తదే."

"ఐతె తవుడు నూరాలె."

"తవుడెవలు?" అన్నాడు. నేను కొంగు నడుముకు దోపాను. ఆయనకు అర్థమైంది.

మధ్యాహ్నం లలితను పిలిచాను. నన్ను బతికుండగానే ఏడ్చిన మనిషి, ఆ మాత్రం చేయాలి. ఆమె దున్నపోతు మనిషిని తీసుకుంది. నేను ఆ సన్నపిల్లను తీసుకున్నాను. బట్టలు సరిగ్గా వేసుకోలేదు గానీ, జడైనా వేసుకుంది. ఏ మీట ఏం చేస్తుందో చెప్పబోయాడు గానీ, తవుడు నూరడానికి చదువెందుకని ఆపేశాను. అన్నీ నొక్కాం. లలిత నిలబడి, ఎగిరి, టీవీకి దగ్గరగా పోయి మరీ నొక్కింది. నా పిల్ల గోడ వైపు తిరిగి గోడను తన్నింది. లలిత దున్నపోతు వచ్చి నా పిల్లను ఎత్తి కుదేసింది. మళ్ళీ మొదలు.

మార్కెట్ నుంచి ఇంటికి పోయేటప్పుడు కొమురయ్యది ఆ దారే. మొదటి రోజు రోడ్డుకు అవతలి పక్కనుంచి పోయాడు, తల తిప్పలేదు. రెండో రోజు ఎదురుగా బీడీ ముట్టించుకుని, అది ఆరిపోయినా నిలబడే ఉన్నాడు. మూడో రోజు మెట్టు మీదికి వచ్చాడు.

దుకాణం ఆయన ఎప్పటిలాగే టీవీకి వీపు పెట్టి కూర్చున్నాడు గనక వాకిలి ఆయనకు ఎదురే. "అటు జూడకు పెద్దమ్మా," అన్నాడు నాతో, పెదవులు కదపకుండా. "వచ్చిండు. పిల్లకు దెబ్బ తగిలినప్పుడల్ల ఆయన దవడ బిగుస్తాంది."

నాలుగో రోజు కొమురయ్య షటరు కిందికి వచ్చి నిలబడ్డాడు. లలిత అప్పటికి బాగా రాటుదేలింది. నా పిల్లను మూలకు తోసి కుమ్ముతోంది.

"దుంకు," అన్నాడు కొమురయ్య.

"ఏంది?"

"ఎన్కకు దుంకు పెద్దమ్మా. ఎడమ దిక్కు మీట. దుంకి కాలు లేపు."

ఎడమ మీట నొక్కాను. పిల్ల వెనక్కు దుమికింది. ఇంకోటి నొక్కితే కాలు లేపి దున్నపోతు దవడ మీద ఒక్కటిచ్చింది. నాకే తెలియకుండా ఇంకోటి ఇచ్చాను. మళ్ళీ దుమికాను. దున్నపోతు కాళ్ళు తడబడ్డాయి. లలిత "అక్కా, ఆగు అక్కా" అంటోంది. నేను ఆగలేదు. నాకు ఒళ్ళంతా వేడెక్కింది. ఇంకో రెండు దెబ్బలు తగిలితే వాడు పడతాడు.

"ఆఁ, నేర్సుకున్నవ్ తియ్," అన్నాడు కొమురయ్య. ఆయన గొంతు చల్లబడింది. పిల్ల మంచి చేతిలో పడింది, ఇంక ఫికర్ లేదన్నట్టు తువ్వాలు భుజాన వేసుకుని వెనక్కు తిరిగాడు.

నేను చూడలేదు గానీ దుకాణం ఆయన చూశాడు. వైరు సరిచేస్తున్నట్టు నా పక్కకు వంగి, చెవిలో అన్నాడు.

"ఓడిపో పెద్దమ్మా."

"ఏందిరా?"

"పోతాండు. నీ కాళ్ళు మొక్కుత. ఓడిపో."

నేను ఎవరికీ ఓడిపోయే మనిషిని కాను. కూరగాయలవాడికి ఓడలేదు, కరెంటు బిల్లువాడికి ఓడలేదు. రెండు దెబ్బల దూరంలో గెలుపు ఉంది. ఆయన ముఖం చూశాను. ఎనిమిదేళ్ళుగా అందరి ముఖాలు చదివిన మనిషి ముఖం చదవడం నాకు అదే మొదటిసారి. మీటల మీంచి వేళ్ళు తీసేశాను.

లలిత దున్నపోతు మనిషి తేరుకుని వచ్చాడు. నా పిల్ల చేతులు వేలాడేసుకుని నిలబడింది. దాన్ని ఎత్తి నేలకేసి కొట్టాడు. మళ్ళీ ఎత్తాడు.

"ఏంజేత్తానవ్ పెద్దమ్మా," అన్నాడు కొమురయ్య, గడప మీదనుంచి. "దుంకుమన్న గదా. పిల్ల సస్తాంది."

దున్నపోతు మనిషి పిల్లను మళ్ళీ కుదేశాడు. కొమురయ్య చెప్పులు కూడా విప్పకుండా లోపలికొచ్చి నా చేతిలోంచి రిమోటు గుంజుకున్నాడు.

"జరుగు."

జరిగాను. దీపాలు పెట్టే వేళ దాకా ఆయన కుర్చీలోంచి లేవలేదు. పొద్దుగూకింది, నా షరతు ప్రకారం షటరు దించాలి. ఆ ఒక్క దినం అడగలేదు. లేచేటప్పుడు కొమురయ్య రిమోటును తూకం వేసినట్టు ఎగరేసి పట్టుకుని, తల అడ్డంగా ఊపాడు.

"ఇది మంచిగ లేదే అన్నా. పాతదాని కాలిగోటికి సరిపోదు. రేపు జల్ది వచ్చి ఇంక సరిగ్గ చూసి చెప్త."

మర్నాడు ఖాదర్‌ను, రవీందర్‌ను వెంట తెచ్చాడు, అది ఎంత చెడ్డదో చూపించడానికి. వాళ్ళూ ఆడి చూసి అవునన్నారు. ఆ మర్నాడు ఇంకా ఏమేం చెడ్డగా ఉన్నాయో వెతకడానికి వచ్చారు. కోటు భుజం దగ్గర జోల్ తీసేశారని ఖాదర్‌కు అదొక బాధ, ఇంక దేన్ని తిట్టాలి. అట్లా రెండేళ్ళు వచ్చారు. ఒక్కనాడు కూడా ఒక్కడూ దాన్ని బాగుందనలేదు. కాలేజీ పిలగాళ్ళు మళ్ళీ చుట్టూ చేరారు. ఫోను కవర్లవాడికి లేదని చెప్పాను.

"ఇంత తిడ్తాన్రు గదరా, నీకేం అనిపియ్యదా?" అని ఒకసారి అడిగాను.

"తిట్టనీ పెద్దమ్మా," అన్నాడు. "కూసోనే తిడ్తాన్రు గదా."

లలిత మాత్రం ఇప్పటికీ బోరింగు దగ్గర, రేషన్ దుకాణం దగ్గర, కనిపించినవాళ్ళందరికీ నన్ను ఆటలో ఓడించానని చెప్పుకుంటుంది. ఆ రోజు ఏం జరిగిందో తెలిసినవాడు ఆయనొక్కడే. ఎవరైనా అడిగితే "పెద్దమ్మ గెలిచేదే, నేనే వద్దన్న" అని చెప్పేవాడు. ఇప్పుడు చెప్పేవాళ్ళు లేరు. అందుకని నేనే రాసి పెడుతున్నాను. నేను ఓడలేదు. ఓడిపొమ్మన్నాడు గనక ఓడాను.